సూదిబెజ్జంలో ఆగిన బండి

మోకాలి ఆపరేషన్ తర్వాత నాన్న బండి నాలుగు నెలలు వసారాలోనే ఉండిపోయింది. ఉగాదికి ఇంటికెళ్లి చోక్ వేసి కిక్ కొట్టాను. పదిహేను కిక్కులకు గానీ అందుకోలేదు. చోక్ తీసెయ్యగానే ఆగిపోయింది. మళ్లీ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే బాగానే ఉంటుంది, చెయ్యి వదిలితే చాలు, స్లోలో నిలబడదు.

"ఇంజన్ పోయినట్టుంది, మెకానిక్‌ని పిలిపిద్దాం" అన్నారు నాన్న. ఇంజన్‌కి ఏమీ కాలేదు. చోక్‌తోనే నడవడం, చెయ్యి వదిలితే ఆగిపోవడం అనే ఆ రెండు లక్షణాల్లోనే రోగం ఎక్కడుందో తెలుస్తోంది. అది అర్థం కావాలంటే కార్బరేటర్ చేసే పనేమిటో చూడాలి.

పెట్రోలు సరిగ్గా మండాలంటే సన్నటి తుంపరై, ఆవిరై గాలిలో కలవాలి. ఒక గ్రాము పెట్రోలుకి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. బరువులో చెబితే చిన్న లెక్కలా ఉంటుంది గానీ, ఒక లీటరు పెట్రోలు మండడానికి దాదాపు 9000 లీటర్ల గాలి పడుతుంది. అంత గాలిలో ఇంత పెట్రోలును ఏ కరెంటూ, ఏ కంప్యూటరూ లేకుండా కొలిచి కలపడమే ఆ చిన్న లోహపు డబ్బా పని.

గాలి వెళ్లే గొట్టాన్ని మధ్యలో సన్నగా చేస్తే అక్కడ గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. దీని వెనకున్న సూత్రం డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన గ్రంథం నాటిది. ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ పేరు మీద ఆ సన్నటి భాగాన్ని వెంచురీ అంటారు. వెనకటి రోజుల్లో దోమల మందు కొట్టిన ఫ్లిట్ పంపు గుర్తుందా? గొట్టం మూతి మీదుగా గాలి దూసుకుపోతే డబ్బాలోని మందు పైకి లేచి తుంపరయ్యేది. ఇక్కడా అదే జరుగుతుంది. పెట్రోలును ఇంజన్ పీల్చుకుంటుంది అనుకుంటాం గానీ, నిజానికి బయటి గాలి పీడనమే దాన్ని కిందనుంచి పైకి తోస్తుంది.

ఆ పెట్రోలు ఉండేది కార్బరేటర్ కింది గిన్నెలో. మేడ మీది నీళ్ల ట్యాంకులో తేలే బంతి లాంటిదే ఇందులోనూ ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్లోట్ అంటారు. మట్టం పెరిగితే అది పైకి లేచి ఒక సూదితో దారి మూసేస్తుంది. ఆ సూది కూర్చునే చోట చిన్న నలక పడినా దారి పూర్తిగా మూసుకోదు, ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోలు కారుతుంది. అలా కారుతుంటే వెంటనే పెట్రోల్ కాక్ మూసెయ్యండి. ఇంజన్ చల్లారాక స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఒక్కోసారి నలక కదిలి కారడం ఆగుతుంది. ఆగకపోతే విప్పాల్సిందే.

గిన్నెలోంచి పెట్రోలు పైకి రావడానికి ఒకటి కాదు, రెండు దారులు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు కొలత మెయిన్ జెట్ అనే ఇత్తడి ముక్కలోని రంధ్రానిది. సగంలో ఉన్నప్పుడు, యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే స్లైడుకి వేలాడే పొడవాటి సూది ఆ దారిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. చెయ్యి వదిలేసినప్పుడు స్లైడు దాదాపు మూసుకుపోయి ఆ దారి పనిచెయ్యదు. అప్పుడు ఇంజన్‌ని బతికించేది స్లో జెట్ ఒక్కటే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు.

అందుకే విప్పే ముందు బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో గమనించాలి. ఫుల్ రేజ్‌లో పికప్ లేక మిస్ కొడుతుంటే ముందు అనుమానించాల్సింది మెయిన్ జెట్‌ని. స్లోలోనే ఆగుతుంటే స్లో జెట్‌ని. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. కాబట్టి చోక్‌తోనే నడిచే బండికి పెట్రోలు చాలడం లేదు, లేదా కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి దొంగగాలి వస్తోంది. ప్లగ్ తీసి చూస్తే అదీ సాక్ష్యం చెబుతుంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, నల్లటి మసి ఉంటే ఎక్కువ, ఇటుకపొడి రంగులో ఉంటే సరిపోయినట్టు.

కార్బరేటర్ జోలికి వెళ్లేముందు పైసా ఖర్చులేని పరీక్షలు రెండున్నాయి. కార్బరేటర్‌కి వచ్చే పెట్రోలు పైపు పీకి సీసాలో పెట్టి కాక్ తిప్పండి, ధార ఆగకుండా రావాలి. ధార సన్నబడుతుంటే ట్యాంకు మూత తెరవండి. అప్పుడు జోరందుకుంటే మూతలోని గాలిరంధ్రం పూడుకుపోయినట్టు. కొంతదూరం నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్టయ్యే బళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

నాన్న బండికి ధార బాగానే ఉంది. గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ వదులుచేసి గాజుగ్లాసులో పట్టాను. అడుగున మూడు నాలుగు బొట్లు పాదరసంలా విడిగా దొర్లాయి. నీళ్లు. పైన పెట్రోలు టీ డికాషన్ రంగుకి తిరిగింది. నిలవ ఉన్న పెట్రోల్లోంచి తేలికగా ఆవిరయ్యేవన్నీ పోయి, మిగిలింది గాలి తగిలి జిగురవుతుంది. పైగా పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి నీటిని పట్టి ఉంచుకునే గుణం ఉంది. తేమ మోతాదు మించితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. మన దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వస్తోంది కాబట్టి, పాత బండిని నెలల తరబడి నిలబెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంజన్ చల్లగా ఉండగా, ఆరుబయట, దగ్గర్లో దీపమూ బీడీ లేకుండా చూసుకుని గిన్నె విప్పాను. మొదటిసారి విప్పేవాళ్లు అడుగడుక్కీ ఫోన్లో ఫొటో తీసుకోండి. స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ ముట్టుకోవాల్సివస్తే ముందు అది ఎన్ని చుట్లకు బిగుస్తుందో లెక్కపెట్టి రాసుకోండి, మళ్లీ అన్ని చుట్లే వదలాలి.

ఇత్తడి స్లో జెట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఆకాశంకేసి చూశాను. చీకటి. పిన్నుతో పొడిచెయ్యాలనిపిస్తుంది, పొడవకూడదు. ఇత్తడి మెత్తన, ఇనుప పిన్నుతో రంధ్రం గీసుకుపోతే కొలత శాశ్వతంగా మారిపోతుంది. కార్బరేటర్ క్లీనర్ కొట్టి పావుగంట ఉంచి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. రెండోసారికి ఆ రంధ్రంలో గుండ్రటి వెలుగుచుక్క కనిపించింది.

పాత పెట్రోలు వంపేసి కొత్తది పోస్తే మూడో కిక్కుకి అందుకుంది. వేడెక్కాక చోక్ తీసినా ఆగలేదు.

వారం మించి బండి తియ్యననుకుంటే ఇప్పుడు నాన్న కాక్ మూసేసి, వీధిలోనే ఇంజన్‌ని స్లోలో వదిలేస్తున్నారు. గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా కొన్ని నిమిషాలు నడుస్తుంది. చివర్లో ఒక్క క్షణం రేజ్ పెరిగి, ఆగిపోతుంది. అప్పుడు తాళం తీసుకుని లోపలికి వస్తారు.