బ్రహ్మానందం వచ్చారు, ఓటు ఎటు పోయింది?

2019 డిసెంబరు ఉప ఎన్నికలో కర్ణాటకలోని చిక్కబళ్లాపురం వీధుల్లో బ్రహ్మానందం ప్రచార వాహనం ఎక్కారు. 2023 మేలో మళ్లీ ఎక్కారు. అదే ఊరు, అదే అభ్యర్థి డాక్టర్ కె.సుధాకర్, అదే హాస్యనటుడు. మొదటిసారి సుధాకర్ 34 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. రెండోసారి పది వేలకు పైగా తేడాతో ఓడిపోయారు, అదీ ఆరోగ్య మంత్రి కుర్చీలో ఉండి. ఈ మూడున్నరేళ్లలో బ్రహ్మానందం మీద జనానికి ప్రేమేమీ తగ్గలేదు. మరి మారిందేమిటి?

ఇళ్లలో తెలుగు, బళ్లో కన్నడం వినిపించే నేల ఇది. చింతామణి పక్కనున్న కైవారంలో తాతయ్య అని పిలుచుకునే యోగి తత్వాలు తెలుగులోనే పాడుకుంటారు. తెలుగు సినిమా ఇక్కడ పరాయి సరుకు కాదు. కాబట్టి తెలుగు తారను తెస్తే ఓట్లు రాలతాయని పార్టీలు లెక్క వేసుకోవడంలో వింత లేదు. అయితే ఆ లెక్క ఎప్పుడూ సగమే సరిపోతుంది. జీపు మీద బ్రహ్మానందాన్ని చూసేకి జనం వస్తారు, ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటారు, నవ్వుకుంటారు. అక్కడితో ఆయన పని అయిపోతుంది.

2019లో ఓటరు ముందున్న బేరం వేరు. కాంగ్రెస్ వదిలి బీజేపీలోకి వెళ్లిన సుధాకర్ గెలిస్తే మంత్రి అవుతారని అందరికీ తెలుసు. యడియూరప్ప సర్కారు నిలవాలంటే ఆ ఉప ఎన్నికల్లో సీట్లు కావాలి. కనకపురకు అనుకున్న వైద్య కళాశాల చిక్కబళ్లాపురానికి మళ్లింది, డి.కె.శివకుమార్ మండిపడ్డారు. తమ ఊరికి ఒక మంత్రి, ఒక కళాశాల దక్కుతున్నప్పుడు ఓటు ఎటు వేయాలో చెప్పడానికి సినిమావాళ్లు అక్కర్లేదు. 2023 నాటికి ఆ బేరం పాతబడింది. ఎదురుగా ప్రదీప్ ఈశ్వర్ నిలబడ్డారు. నీట్ కోచింగ్ నడిపే మాస్టారు, మైకు పట్టుకుంటే వదలరు. ఆయన మాటల తునకలు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. చూడబోతే సినిమా తారకు పోటీగా నియోజకవర్గం తన సొంత తారను తానే తయారు చేసుకుంది. గెలిచిన కొన్ని నెలలకే ఆయన కన్నడ బిగ్ బాస్ ఇంట్లో అతిథిగా కనిపించి తిట్లు తిన్నారు కూడా. ఎమ్మెల్యేకి అక్కడేం పని అన్నది న్యాయమైన ప్రశ్నే.

అదే జిల్లాలోని బాగేపల్లి కథ ఇంకా గట్టిది. ఇక్కడ తార ప్రచారానికి కాదు, ఏకంగా పోటీకే దిగారు. 1996 నాటి 'పోలీస్ స్టోరీ'తో కన్నడంలో వెలిగిన సాయికుమార్, తెలుగులో ఎందరో కథానాయకులకు గొంతు ఇచ్చిన సాయికుమార్, 2008లోనూ 2018లోనూ బీజేపీ తరఫున నిలబడ్డారు. రెండుసార్లూ ఓటమే. 2018లో వచ్చినవి నాలుగు వేల పైచిలుకు ఓట్లు, డిపాజిట్ కూడా దక్కలేదు. గంట, గంటన్నర దూరంలో సరిహద్దు అవతల హిందూపురం ఉంది. అక్కడ ఎన్టీఆర్ 1985, 1989, 1994ల్లో గెలిచారు. బాలకృష్ణ 2014 నుంచి వరసగా మూడుసార్లు గెలిచారు. రెండు ఊళ్ల జనం చూసే బొమ్మలు ఒకటే. తేడా పార్టీలో ఉంది. హిందూపురంలో తార వెనక ఊరూరా పాతుకున్న తెలుగుదేశం ఉంది. బాగేపల్లిలో బీజేపీకి అప్పట్లో ఆ బలం లేదు. అక్కడి పోరు ఎర్రజెండాకూ కాంగ్రెస్‌కూ మధ్య. 1994, 2004ల్లో సీపీఎం నుంచి గెలిచిన జి.వి.శ్రీరామరెడ్డి 2018లోనూ రెండో స్థానంలో నిలిచారు. 2013లో స్వతంత్రుడిగా, తర్వాత రెండుసార్లు కాంగ్రెస్ తరఫున గెలిచిన ఎస్.ఎన్.సుబ్బారెడ్డి సామూహిక వివాహాలు జరిపించి ఇంటింటికీ పరిచయమైన మనిషి. తాళిబొట్టు ఇప్పించినవాడి ముందు డైలాగ్ ఏం నిలుస్తుంది! తార హోదా ఒక్కటే చాలదనడానికి ఎన్టీఆరే సాక్షి, 1989లో హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడిపోయారు.

అదే జిల్లాలోని చింతామణికి తారల సందడి అక్కర్లేదు. 2004, 2008ల్లో ఎం.సి.సుధాకర్, 2013, 2018ల్లో జె.కె.కృష్ణారెడ్డి, 2023లో మళ్లీ ఎం.సి.సుధాకర్, ఆపై ఉన్నత విద్యా మంత్రి పదవి. రెండు వర్గాల మధ్య ఊళ్లు చీలిపోయిన చోట కొత్తగా ఒప్పించాల్సిన ఓటరు ఎందరుంటారు?

ఇదంతా చూసి ఈ ఓటరుకు రాజకీయం పట్టదనుకుంటే పొరపాటు. 2023లో చిక్కబళ్లాపురం జిల్లాలో పోలింగ్ 85 శాతం దాటింది, రాష్ట్రంలోకెల్లా ముందువరసలో నిలిచింది. అదే రోజు పక్కనున్న బెంగళూరు నగరం సగానికి కాస్త పైన ఆగిపోయింది. బోరు వెయ్యి అడుగులు దిగినా నీళ్లు పడని నేలలో, బెంగళూరు మురుగును శుద్ధి చేసి హెచ్.ఎన్. వ్యాలీ పథకం కింద చెరువుల్లోకి మళ్లిస్తున్న నేలలో, ఎమ్మెల్యే ఎవరన్నది కాలక్షేపం ముచ్చట కాదు. ఎత్తినహొళె పథకం నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రైతుకు బీజేపీ తరఫున ప్రచారం చేసిన కన్నడ నటుడు సుదీప్ మాట ఏమాత్రం ఎక్కి ఉంటుంది?

చిక్కబళ్లాపురంలో ఇంకో అంకం ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తన నియోజకవర్గంలో డాక్టర్ కె.సుధాకర్‌కు ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా రాజీనామా చేస్తానని ప్రదీప్ ఈశ్వర్ సవాలు విసిరారు. సుధాకర్ లక్షా 63 వేల మెజారిటీతో ఢిల్లీ వెళ్లారు. చిక్కబళ్లాపురం సెగ్మెంట్‌లోనే దాదాపు ఇరవై వేల ఆధిక్యం వచ్చింది. ఏడాది కిందట ఓడించినవాణ్ణే అదే ఓటర్లు మళ్లీ పైకెత్తారు. రాజీనామా మాత్రం రాలేదు. ఆ సవాలు వీడియో ఇంకా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. 2028లో దాన్ని ప్రత్యర్థులు ఊరూరా వినిపించకుండా ఉంటారా?