గోదావరీ సాగరసంగమ సీమ: ఒండ్రు, జీవజాలము, పదసంపద

భూమి స్థిరమైనదనియు, నీరు చంచలమైనదనియు లోకమున వాడుక. గోదావరి సముద్రమును చేరు సీమను పరిశీలించిన వారికి ఈ మాట పూర్తిగా సరిపడినట్లు తోచదు. అచ్చటి భూమి పెరిగినది, తరిగినది, ఒక తావు వీడి మరియొక తావు చేరినది. ఆ చలనమును భూశాస్త్రజ్ఞులు శిలలలోను ఇసుక పొరలలోను గుర్తించిరి. ఆ సీమ ప్రజలు తమ ఊళ్ళ పేర్లలోను పలుకుబడులలోను దానిని నిలుపుకొనిరి. ఈ రెండు విధములైన సాక్ష్యమును ఒకచోట చేర్చి వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట ప్రాచీన చరిత్రను సంగ్రహముగా చెప్పుదుము. ఈ సీమకు ఎగువనున్న తూర్పు కనుమల శిలలు మిక్కిలి పురాతనములు. వానిలో ప్రధానమైన దానికి ఖోండులను గిరిజనుల పేర ఖోండలైటు అని నామకరణము చేసిరి. దాదాపు 13 కోట్ల ఏండ్లకు పూర్వము భారత భూఖండము అంటార్కిటికా నుండి విడివడెను. నేటి తూర్పు తీరమునకు ఆ చీలికయే మూలము. అప్పుడు ఏర్పడిన లోతైన పల్లములు కాలక్రమమున మట్టితోను ఇసుకతోను నిండినవి. నేడు కృష్ణా గోదావరీ ప్రాంతమున చమురును సహజవాయువును తీయుచున్నది ఈ పూడిక పొరల నుండియే. పిదప, ఇప్పటికి దాదాపు 6.6 కోట్ల ఏండ్ల క్రిందట, దక్కను లావా ప్రవాహములు రాజమహేంద్రవర ప్రాంతము వరకు సాగి వచ్చెను. అచ్చటి కాతేరు, పంగిడి రాతిగనులలో లావా పొరల నడుమ సముద్రపు గుల్లలును సూక్ష్మజీవుల అవశేషములును గల సున్నపురాతి పొరలు కానవచ్చుచున్నవి. నేడు కడలికి దూరమున నున్న ఆ తావుల వరకు నాడు ఉప్పునీరు వచ్చినదని ఆ పొరలే చెప్పుచున్నవి.

ఇంత దీర్ఘమైన చరిత్రలో కోనసీమ నిన్న మొన్నటిది. సుమారు 20,000 ఏండ్ల నాడు, ధ్రువప్రాంతములందు మంచు మిక్కుటముగా పేరుకొని యున్న కాలమున, సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లు క్రిందుగా ఉండెను. మంచు కరగిన కొలది కడలి పైకి వచ్చి, సుమారు 6,000 నుండి 7,000 ఏండ్ల క్రిందట నేటి మట్టమునకు చేరువయ్యెను. అప్పటి నుండి గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రమును వెనుకకు త్రోయుచు వచ్చినది. తీరము ముందునకు జరిగినప్పుడెల్ల ఒక ఇసుకమెరక వెనుక మిగిలినది. ఈ మెరకలపై కొబ్బరితోటలును ఊళ్ళును, వాని నడిమి పల్లములలో వరిచేలును ఉండుటను కోనసీమలో ఎవరైనను చూడవచ్చును. నేడు తీరమునకు 30 కిలోమీటర్లకు పైగా లోపల నున్న కొల్లేరు కూడ ఒకప్పుడు కడలి ఒడ్డున నుండిన ఉప్పునీటి కయ్య. గోదావరి, కృష్ణల ఒండ్రు దాని ముందు భూమిని పెంచగా అది మంచినీటి సరస్సయ్యెను. ఉప్పుటేరు మాత్రము దానిని నేటికిని సముద్రముతో కలుపుచున్నది.

ఇక పదముల సాక్ష్యమును చూతము. లంక యన ఏటి నడుమ ఒండ్రు చేరి ఏర్పడిన ద్వీపము. ఊడిమూడిలంక మొదలగు ఊళ్ళ పేర్లలో ఆ మాట నిలిచి యున్నది. తిప్ప యన నీటి నడుమ లేచిన ఇసుకమేట. మొగ యన ఏరు కడలిలో కలియు చోటు. గాడిమొగ అను గ్రామనామమున అది కలదు. పర్ర యన ఉప్పునీరు పారి ఆరిన చవిటినేల. మేట తిప్ప యగును, తిప్పపై మన్ను చేరి లంక యగును, లంకపై జనము చేరి ఊరగును. భూమి పుట్టుకలోని ఒక్కొక్క దశకు తెలుగువారు ఒక్కొక్క పేరు పెట్టిరి.

కోరంగి అను పేరు మరియొక కథ చెప్పును. ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కిన ఆ రేవు 1789, 1839 సంవత్సరములలోని తుపానుల ఉప్పెనలకు దెబ్బతిని, ఒండ్రు పూడి, కాకినాడకు చోటిచ్చినది. అయినను బర్మాకు వలసపోయిన తెలుగు కూలీలను అచ్చట కోరంగీలనియే పిలిచిరి. రేవు పోయినను పేరు కడలి దాటి నిలిచినది. అదే గోదావరి యిసుక ఉత్తరముగా సాగి, సుమారు రెండు శతాబ్దులలో కాకినాడ ముందు హోప్ ఐలాండు అను పొడవైన ఇసుకదిబ్బ యైనది. అలల తాకిడి నుండి ఆ రేవును కాపాడుచున్నది అదియే.

ఒండ్రు భూమినే కాక జీవజాలమును కూడ పోషించుచున్నది. కోరంగి మడ అడవులలో మడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగు చెట్లు పెరుగును. బురదలో గాలి చొరదు గనుక మడచెట్టు వేళ్ళు భూమి నుండి పైకి లేచి ఊపిరి పీల్చును. రాలిన ఆకులు క్రుళ్ళి సూక్ష్మజీవులకును, వాని మూలమున పీతలకును చేపపిల్లలకును ఆహారమగును. రొయ్య నడికడలిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటుతో మొగలోనికి వచ్చి, మడల నీడలో పెరిగి, మరల కడలికి పోవును. పులస నడక దీనికి విపరీతము. అది కడలిలో పెరిగి, వరదనీటికి ఎదురీది, గ్రుడ్లు పెట్టుటకు గోదావరిలోనికి వచ్చును. ఆ చేపకు కడలిలో ఒక పేరు, ఏటిలో ఒక పేరు కలవు. చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మొగల చెంతనున్న ఇసుకలో గ్రుడ్లు పెట్టును. బావురుపిల్లి, నీరుకుక్క ఈ అడవులలోనే చేపలను వేటాడి బ్రతుకును. వీనిలో ఏ యొక్క దానికిని కేవలము ఏరు గాని, కేవలము కడలి గాని చాలదు; రెండును కలియు బురదనేల కావలెను.

ఈ పెరుగుదలకు నేడు అడ్డు తగిలినది. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. కాని పులస దారికి అడ్డమైనది. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున ఎగువన కట్టిన జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుచున్నది. వదులుగా పేరుకొన్న డెల్టా నేల తన బరువునకు తానే అణగును. ఏటేట క్రొత్త మన్ను పడినపుడే దాని ఎత్తు నిలుచును. మన్ను తగ్గి, సముద్రమట్టము పెరుగుచుండగా, తీరము పలుచోట్ల వెనుకకు జరుగుచున్నది. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో ఇండ్లును త్రోవయు అలల పాలగుట పలుమారులు జరిగినది. అచ్చట ఇసుక నడకలోని మార్పులును కారణములైనవి. ఆనకట్టలు వలదనుట మా అభిప్రాయము కాదు. వాని నీటితో పండిన అన్నమునే మనమును తినుచున్నాము. కాని నీటి లెక్కతో పాటు ఒండ్రు లెక్కయు చూడక తప్పదని మాత్రము చెప్పుచున్నాము.

భాషాపరిశోధకులకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత కలదు. పల్లెకారులు వేరొక తావునకు తరలినపుడు మొగలకు, పోటుపాటులకు, వలలకు, చేపలకు సంబంధించిన పదములు వాడుక తప్పును. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశము ప్రథమ సంపుటము రైతుల నోటి మాటలను సేకరించి మార్గము చూపినది. ఆ మార్గమున పరిశోధక విద్యార్థులు గోదావరి మొగలకు పోయి, తిప్పతిప్పకును గల పేరును, ఆ పేరు వెనుకనున్న జ్ఞాపకమును వ్రాసికొనవలెను. పెద్దలు ‘ఇచ్చట ఒకప్పుడు ఊరుండెను’ అని చేయి చాపి కడలిని చూపుదురు. ఆ చేయి చూపిన దిక్కును పటములో గుర్తించుట భూశాస్త్రజ్ఞుని పని. ఆ ఊరి పేరును గ్రంథమున నిలుపుట మన పని.