పాటకు పేరొస్తే రోగం తగ్గదు

అపోహ: పేరొచ్చిన కళాకారుడికి వైద్యం దానంతటదే అందుతుంది.

వాస్తవం: 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ సినిమా చివరి పాటతో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ప్రతి తెలుగింటికీ తెలిశారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన ఈ జంట అంతకుముందు ఊరూరా కథలు చెప్పుకుని బతికింది. పేరొచ్చినా మొగిలయ్యకు డయాలసిస్ తప్పలేదు, చూపూ దెబ్బతింది. 2024 డిసెంబర్ 19న ఆయన కన్నుమూశారు. సర్కారు, సినిమావాళ్లు ఆదుకున్నారు కదా అనవచ్చు. నిజమే, ఆ సాయం చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ అది కిడ్నీలు చెడ్డాక అందిన సాయం. డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలో చేసినా రానుపోను కిరాయిలు, తోడు వెళ్లినవారి కూలి మిగిలే ఉంటాయి. పసుపు పంట పైకం ఒక్కసారే చేతికొచ్చినా ఇంటి ఖర్చు ఏడాదంతా ఉంటుందని ఆర్మూర్ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పేరుతో వచ్చే సాయమూ అంతే, ఒక్కసారి వస్తుంది. జబ్బు మాత్రం వారం వారం అడుగుతుంది.

అపోహ: గొంతు పలుకుతుంటే ఒంట్లో రోగం లేనట్టే.

వాస్తవం: కిడ్నీలు చెడిపోవడానికి ప్రధాన కారణాలు షుగర్, బీపీ. ఈ రెండూ ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే కిడ్నీలను తినేస్తాయి. ఘంటసాల షుగర్‌తో బాధపడుతూనే పాడారు, చివరి దశలో భగవద్గీత రికార్డు చేశారు, 1974లో 51 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ పాట వినేవాళ్లకు ఆయన జబ్బు తెలిసే వీలే లేదు. కాబట్టి కిడ్నీల సంగతి తెలియాలంటే గొంతును కాదు, రక్తంలో క్రియాటినిన్‌ను, మూత్రంలో ఆల్బుమిన్‌ను చూడాలి.

అపోహ: ఇంట్లో పసుపుండగా షుగర్‌కు మందులెందుకు?

వాస్తవం: పసుపులో మందుగుణం ఉందని చెప్పే కుర్కుమిన్ కొద్ది శాతమే, అందులోనూ ఒంటికి పట్టేది స్వల్పం. చక్కెర కొంత తగ్గిందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పినమాట నిజమే. అవి చాలావరకు గాఢమైన సారంతో చేసినవి, మందులు మానేయమని చెప్పినవి కావు. అలాంటి సారంతో చేసిన మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. పసుపు కూరలో వేసుకోవాల్సిందే, మందు మానకూడదు.

కళాకారుడికి శాలువా కప్పే ఊరు అదే రోజు షుగర్, బీపీ, కిడ్నీ పరీక్షలు చేయించి, నెలనెలా మందులు అందేలా చూస్తే, ఆ గౌరవం ఆయన ఆయుష్షుకూ పనికొస్తుంది.