జైలా, ప్రొబేషనా?

మన పల్నాడు పల్లెల్లో గట్టు తగాదా ముదిరితే కర్రలు లేస్తాయి. కేసులో మీసాలు రాని పిల్లలూ ఇరుక్కుంటారు. “మౌల్వీ సాబ్, మావాడికి జైలు తప్పదా?” అని తండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు.

1958 నాటి ప్రొబేషన్ చట్టం ఒక దారి చూపింది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలు మినహా మిగతావాటిలో సత్ప్రవర్తన బాండు రాయించుకుని, మూడేళ్లకు మించని గడువుతో కోర్టు నేరస్థుణ్ణి విడిచిపెట్టవచ్చు. 21 ఏళ్లు నిండనివారిని జైలుకు పంపాలంటే ప్రొబేషన్ అధికారి నివేదిక చూసి, కారణాలు రాయాలి.

గుర్గావ్ జిల్లాకు చెందిన 16 ఏళ్ల కుర్రవాడి కేసును 1964లో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద మళ్లీ చూడమంది. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావు. నేరస్థుణ్ణి శిక్షించడం కన్నా సంస్కరించడమే నేరచట్టం ఉద్దేశమన్న సూత్రం నుంచే ఈ చట్టం పుట్టిందని అన్నారు.

మరి దెబ్బతిన్నవాడి మాటేమిటి? ప్రొబేషన్ అంటే నిర్దోషి అని కాదు. నష్టపరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. బాండు మీరితే పాత నేరానికే శిక్ష వేయవచ్చు.

అందుకే ఆ తండ్రులకు మేం చెప్పేది ఇదే: వకీలుతో ప్రొబేషన్ అడిగించండి. కానీ గాయపడినవాడి హక్కు చెల్లించకుండా మీవాడు తప్పు దిద్దుకున్నట్టు కాదు.