మన గడ్డ మీద నిజాంను మార్చిన ఫ్రెంచోడు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్‌కు తోడుగా రోషాంబో అనే ఫ్రెంచ్ జనరల్ 1780లో అయిదు వేల పైచిలుకు సైన్యంతో దిగినాడు. అట్లాంటోడే అంతకు ముందే మన కడప జిల్లాకూ వచ్చినాడు. పేరు బుస్సీ. గండికోటలో సెల్ఫీలు దిగే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లోళ్లలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే.

కథ ఇదీ. 1750 డిసెంబరులో కడప, కర్నూలు, సావనూరు నవాబులు ఫ్రెంచోళ్లతో కుమ్మక్కయినారు. ఆ కుట్రలో నిజాం నాసిర్ జంగ్ చచ్చినాడు, మేనల్లుడు ముజఫర్ జంగ్ గద్దెనెక్కినాడు. 1751 జనవరిలో పుదుచ్చేరి నుంచి బయల్దేరినాడు. తోడు బుస్సీ, 300 మంది తెల్లోళ్లు, 2,000 మంది సిపాయిలు. ఆశపడినంత ముట్టలేదని నవాబులు తిరగబడినారు. ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లె కాడ కొట్లాట. బుస్సీ ఫిరంగులు నవాబుల దండును చెదరగొట్టినాయి. కానీ తరుముకుంటా పోయిన ముజఫర్ జంగ్ చచ్చిపోయినాడు. కర్నూలు నవాబు గూడా ఆడనే పోయినాడు. బుస్సీ ఏం చేసినాడు? అదే దండులో ఖైదుగా ఉండిన సలాబత్ జంగ్‌ను బయటికి తెచ్చి నిజాంను చేసినాడు.

ఇంగ బిల్లు చూడండి. బుస్సీ దండు లేకుంటే కొత్త నిజాంకు పూట గడవదు. దండుకు జీతాలియ్యాల. అందుకే 1753లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లు ఫ్రెంచోళ్లకు రాసిచ్చినాడు. ఆ శిస్తు కట్టింది ఎవరు? రైతే గదా. 1757లో బొబ్బిలి కోట మీద పేలింది గూడా బుస్సీ ఫిరంగులే. 1758లో లాలీ పిలిస్తే బుస్సీ వెళ్లిపోయినాడు. కొన్నేండ్లకే తమ్ముడు నిజాం అలీ సలాబత్‌ను దించేసినాడు.

మరి రోషాంబోతో తేడా యాడుంది? ఆయన వాషింగ్టన్ మాట కింద పనిచేసినాడు. 1781లో యార్క్‌టౌన్ గెలిచినాక, ఏడాది తిరిగి ఇంటికి పోయినాడు. ఆడ కొట్లాట ఒక దేశం నిలబడేదానికి. ఈడ మేనమామ, మేనల్లుడి గద్దె కొట్లాట. జనానికి ఒరిగింది సున్నా.

ఒక్క లెక్క మాత్రం మర్చిపోవద్దండి. 300 మంది తెల్లోళ్ల పక్కన నిలబడిన ఆ 2,000 మంది సిపాయిలు మన దేశపోళ్లే. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఫ్యాక్షన్ ఊళ్లలో తిరిగినోన్ని గాబట్టి చెప్తాండా: ఎవరి జీపు ఎక్కే ముందైనా ఈ కొట్లాట ఎవరిది, బిల్లు ఎవరి నెత్తిన పడుతుంది అని అడగండబ్బా.