భూమ్యామలకి: నామనిర్ణయము, కాలేయరక్షణ విచారము

సంస్కృత వైద్యగ్రంథములలో భూమ్యామలకి, తామలకి, బహుపత్ర మొదలగు నామములతో వ్యవహృతమైన ఓషధియే తెలుగువారి నేలఉసిరి. నేలకు దగ్గరగా పెరుగుటచేతను, ఆకుల క్రింద ఉసిరికాయల వంటి చిరుకాయలు వరుసగా నుండుటచేతను దీనికీ పేరు అన్వర్థమైనది. చరకసంహిత సూత్రస్థానమున తామలకి కాసహర, శ్వాసహర గణములలో పఠింపబడినది. తెలుగు పల్లెలలో మాత్రము ఇది ముఖ్యముగా పచ్చకామెర్ల మందు. ఆధునిక పరిశోధకులు కాలేయవ్యాధులలో దీనిని పరీక్షించుటకు ఇట్టి లోకవ్యవహారమే దారి చూపినది.

ఈ పరిశోధనలలో మొదటి చిక్కు నామమునకు సంబంధించినది. పూర్వపు వ్యాసములలో ఈ మొక్క తరచుగా ఫిల్లాంథస్ నిరూరి యని పేర్కొనబడినది. నిరూరి అమెరికా ఖండమునకు చెందినదనియు, భారతదేశమున ఆ పేరుతో చెలామణి యైనవి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అను వేర్వేరు జాతులనియు పిమ్మట వృక్షశాస్త్రజ్ఞులు తేల్చిరి. చూపునకు ఒక్కటిగా నున్నను వీనిలోని రసాయనముల పాళ్లు భిన్నములు.

ఇక రక్షణ విధానము. కార్బన్ టెట్రాక్లోరైడు అను విషద్రవ్యము కాలేయకణములలోని ఎంజైముల వలన మార్పు చెంది, ఫ్రీ రాడికల్స్‌ను పుట్టించును. అవి కణపు పొరలలోని కొవ్వు పదార్థములను చెరచును, కణము నశించును. నేలఉసిరి నుండి వేరుపరచిన ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అను పదార్థములు ఎలుక కాలేయకణములను ఈ విషము నుండి కాపాడినట్లు 1985లో ప్రకటితమైనది. ఇది ప్రయోగశాలలోని కణములపై లభించిన ఫలితమని మరువరాదు.

1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ వాహకులకు 30 దినములు అమారస్ చూర్ణమునిచ్చిరి. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మందికి, పుచ్చుకొనని 23 మందిలో ఒక్కరికి మాత్రమే వైరస్ ఉపరితల ప్రతిజనకము రక్తమున కనిపించకుండ పోయినది. థాయిలాండు, న్యూజిలాండు దేశములలో పిమ్మట జరిగిన పరీక్షలు ఈ ఫలితమును సమర్థింపలేదు.

దీనినుండి గ్రహింపదగినవి రెండు. విషము నుండి కణమును రక్షించుట వేరు, వైరస్‌ను తొలగించుట వేరు. కామెర్లు పలు రోగములకు సమానమైన లక్షణము. పిత్తనాళమున రాయి అడ్డుపడినను కండ్లు పచ్చబడును. కారణమెరుగక ఆకుపసరుతో కాలము గడిపిన రోగికి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున నిఘంటువులు ఓషధీనామములను పేర్కొనునపుడు జాతిని స్పష్టముగా నిర్దేశించుట పాండిత్యవిషయము మాత్రమే కాదు, ఆరోగ్యవిషయము కూడ.