ముంగురులకు కత్తెర పెట్టే ముందు

'లవ్ ఇన్ సిమ్లా' హిందీ సినిమా 1960లో వచ్చింది. అందులో కథానాయికగా ఎంచుకున్న సాధనది విశాలమైన నుదురు. తెర మీద అది ఇంకా పెద్దదిగా కనిపిస్తోందని దర్శకుడు ఆర్.కె. నయ్యర్‌కు దిగులు పట్టుకుంది. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ నుదుటి మీదికి పడే పొట్టి జుట్టు ఆయనకు గుర్తొచ్చింది. సాధనకూ అలాగే ముందు జుట్టు కత్తిరించి కిందికి వదిలారు. సినిమా ఆడింది. ఆ ముంగురులకు దేశమంతటా ఆమె పేరే స్థిరపడిపోయింది. ఇవాళ్టి అమ్మాయిలు బ్యాంగ్స్ అన్నా, ఫ్రింజ్ అన్నా, 'సాధన కట్టేగా' అని గుర్తుపట్టే అమ్మమ్మలు మన వైపూ ఉన్నారు.

నిజానికి ముంగురులు మనకు కొత్త కాదు. కావ్యాల్లో నుదురు అర్ధచంద్రుడైతే ముంగురులు దాని చుట్టూ ముసిరిన తుమ్మెదలు. కాకపోతే అవి జడలోంచి వాటంతటవే జారినవి. కావాలని కత్తిరించుకుంటానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోవడం కష్టం. నూనె రాసి, పాపిడి తీసి, ఒక్క వెంట్రుక కూడా మొహం మీద పడకుండా బిగించి జడ వేసిన చేతులకు అది చూడలేని పనే. పెద్దవాళ్ల మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. బొట్టు కనబడాలన్న వాళ్ల కోరికకు దారి ఉంది. ముంగురులను మధ్యలో విడదీసి రెండు వైపులా తెరల్లా వదిలే కర్టెన్ బ్యాంగ్స్‌లో బొట్టు చక్కగా కనిపిస్తుంది. మొదటిసారి కత్తిరించుకునేవాళ్లకు నేను చెప్పేదీ అదే. నచ్చకపోతే పక్కకు దువ్వి పిన్ను పెట్టుకోవచ్చు.

గుండ్రటి మొహానికి ఇది, కోల మొహానికి అది అని పార్లర్ గోడల మీద పటాలుంటాయి. వాటికంటే జుట్టు తీరు తెలుసుకోవడమే ముఖ్యమని నా నమ్మకం. కత్తిరించుకుని బాధపడినవాళ్ల సంగతి అడిగి చూడండి. చాలామంది విషయంలో తప్పు మొహానిది కాదు, నీళ్లది.

వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ పోగులను దగ్గరగా పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు చాలా బలహీనమైనవి. నీళ్లు తగలగానే అవి వీడిపోతాయి, వెంట్రుక సాగుతుంది. ఆరేకొద్దీ మళ్లీ ముడిపడతాయి, వెంట్రుక ముడుచుకుంటుంది. తలస్నానం చేసి వచ్చి, అద్దం ముందు తడి జుట్టును కనుబొమల దాకా లాగిపట్టి కత్తిరిస్తే, అది ఆరాక నుదుటి మధ్యకు ఎక్కి కూర్చునేది అందుకే. ఉంగరాల జుట్టైతే ఇంకా పైకి పోతుంది. అందువల్ల ముంగురులను పొడి జుట్టు మీద, రోజూ ఎలా పడుతుందో అలా వదిలేసి, లాగకుండా కత్తిరించాలి. ఉంగరాలుంటే ఒక్కో ఉంగరాన్ని విడిగా చూసుకుంటూ తీయాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పొడవు చూసుకునేటప్పుడు తప్పకుండా పెట్టుకోవాలి. ఫ్రేమ్‌కు తగిలి విడిపోయే ముంగురులు రోజంతా చిరాకు పెడతాయి.

రెండోది సుడి. కొందరికి నుదుటి అంచునే సుడి ఉంటుంది, అక్కడి జుట్టు ఒకే పక్కకు లేస్తుంది. అలాంటి చోట పొట్టిగా, తిన్నగా కత్తిరిస్తే మధ్యలో చీలిపోతుంది. కాస్త పొడవుంచితే ఆ బరువుకే సుడి అణుగుతుంది. పార్లర్‌లో కూర్చోగానే, 'అక్కా, నాకిక్కడ సుడి ఉంది, ఒకసారి చూడండి' అని వేలు పెట్టి చూపించండి. సినిమా తార ఫొటో చూపించడంకంటే ఈ మాట ఎక్కువ పనికొస్తుంది.

ఎంత జుట్టు తీయాలన్నది మూడో ప్రశ్న. దువ్వెనను నడినెత్తి మీద బల్లపరుపుగా ఆనిస్తే, తల ముందుకు వాలే చోట దాని కొస గాల్లోకి లేస్తుంది. ఆ చోటి నుంచి రెండు కనుబొమల చివరలకు గీతలు గీసినట్టు ఊహించుకుంటే ఒక త్రికోణం వస్తుంది. ముంగురులు అందులోంచే రావాలి. జుట్టు పలచగా ఉన్నవాళ్లు ఇంకా చిన్న త్రికోణంతో సరిపెట్టుకోవడం మేలు, లేకపోతే కణతల దగ్గర బోసిపోతుంది. మొదట ముక్కు వంతెన దాకా పొడవు ఉంచమనండి. కత్తెరను అడ్డంగా కాకుండా నిలువుగా పట్టి కొసలను కొద్దికొద్దిగా తీస్తే గీత గీసినట్టుండదు, మెత్తగా పడుతుంది.

రోజూ దిద్దుకోవడంలోనూ అదే హైడ్రోజన్ బంధం మనకు సాయపడుతుంది. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంచితే ఆ ఆకారమే నిలుస్తుంది. కాబట్టి స్నానమయ్యాక ముందుగా ఆరబెట్టాల్సింది ముంగురులనే. మిగతా జుట్టు ఆగుతుంది, అవి ఆగవు. డ్రయ్యర్‌ను పైనుంచి కిందికి పట్టి, దువ్వెనతో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు నుదుటికి ఆనించి దువ్వుతూ పోతే కుదుళ్లు ఏ పక్కకూ మొగ్గకుండా నిలుస్తాయి. చివర్లో చల్లగాలి పెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలోని తేమకే ఆ బంధాలు వీడి జుట్టు ఉబ్బిపోతుంది. దాని మీద మళ్లీ మళ్లీ ఇస్త్రీ పెట్టి వేడి చేయకండి. వేళ్లు తడిపి కుదుళ్ల దగ్గర మాత్రం తడి చేసి, కొత్తగా దువ్వి ఆరనిస్తే చాలు. హెల్మెట్ కింద అణిగిపోయినవాటికీ ఇదే వైద్యం.

మనవాళ్లకు ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. నుదుటి చర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ. ముంగురులు రోజంతా దానికి ఆని ఉంటాయి. పైగా మనం పెట్టే కొబ్బరినూనె కూడా నుదుటికి దిగితే రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు వస్తాయి. నూనె రాసిన రాత్రి ముంగురులను వెనక్కి పిన్ను పెట్టి పడుకోండి. మర్నాడు తలంటుకునే తీరిక లేకపోతే, మిగతా జుట్టు రబ్బరు బ్యాండుతో కట్టేసి, ముంగురులను మాత్రం వాష్‌బేసిన్ దగ్గర వంగి షాంపూతో కడుక్కోవచ్చు. రెండు నిమిషాల పని.

తల జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కనుబొమల దాకా ఉన్న ముంగురులు నెల తిరిగేసరికి కళ్లలో పడతాయి, మూడు నాలుగు వారాలకోసారి కొసలు దిద్దించుకోవాలి. వద్దనుకుంటే అవే చెంపల మధ్యకు చేరడానికి అయిదారు నెలలు పడుతుంది. ఈలోపు పక్కకు మెలితిప్పి జడలో కలుపుకోవచ్చు, క్లిప్పు పెట్టుకోవచ్చు. మొదటి రోజు అద్దంలో కనిపించేది చూసి తీర్పు చెప్పేయకండి. రెండు మూడు తలస్నానాలయ్యాక గానీ కత్తిరించిన జుట్టు తనకు నచ్చిన చోట సర్దుకోదు. వారం తర్వాత మళ్లీ అదే కుర్చీలో కూర్చుని, పొడవనిపిస్తే ఇంకో అర సెంటీమీటరు తీయించుకోవచ్చు.